పక్క గాలం వాళ్లు

చేపలు పట్టడానికి వెళ్లినప్పుడు మావయ్య నది ఒడ్డుకి చేరగానే సంచి కింద పెట్టేవాడు కాదు. నీళ్ల అంచుకి బాగా వెనక నిలబడి, అక్కడున్న మనుషుల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చేవాడు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి బెండు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా తేలుతోంది, ఎవరి లైన్ నేరుగా అడుక్కి దిగింది, ఎవరిది నీటి వాలుకి ఏటవాలుగా సాగింది, అన్నీ గమనించేవాడు. ఆ తర్వాత ఖాళీగా కనిపించిన చోటికి అటూ ఇటూ ఉన్న ఇద్దరి దగ్గరికీ వెళ్లి అడిగేవాడు. "ఈ మధ్యలో వేసుకుంటే మీకు అడ్డం కాదు కదండీ?" వాళ్లు సరేనంటేనే సంచి దించడం. "కాస్త కిందికి జరగండి, నా బెండు ఇక్కడిదాకా వస్తుంది" అంటే కిందికి జరిగేవాడు. మొహం చిట్లిస్తే మారు మాట్లాడకుండా ఇంకో చోటు వెతుక్కునేవాడు. అవతలివాడు నా ఈడు పిల్లాడైనా అంతే. "ఏం బాబూ, పక్కన వేసుకోనా?" అనేవాడు.

సెలవు రోజుల్లో ఆ ఒడ్డు కిటకిటలాడేది. వరద తీసి, నీళ్లు తేటపడుతున్న రోజులైతే మరీనూ. చేపలు మేతకి బాగా తిరిగే రోజులవి కాబట్టి తెల్లారకముందే జనం వచ్చేసేవాళ్లు. ఇంతమంది, ఇన్ని ముళ్లు, ఇంత దారం, పైగా అందరి కళ్లూ అదే లోతు మీద. గొడవలు పడాలంటే అంతకన్నా అనువైన చోటు ఉండదు. అయినా గొడవలు అరుదుగా జరిగేవి. అక్కడ బోర్డేమీ లేదు, అజమాయిషీ చేసే మనిషీ లేడు. పక్కవాడిని చూసి నేర్చుకున్న అలవాట్లే మమ్మల్ని కాపాడాయి. ఇన్నేళ్ల తర్వాత చేపల లెక్క మర్చిపోయాను గానీ, ఆ అలవాట్లు ఒక్కొక్కటీ నేర్చుకున్న తీరు మాత్రం మర్చిపోలేదు.

నాకు మొదట అర్థమైంది, పారే నీళ్లలో మన చోటు అంటే ఏమిటన్నది. చెరువులో అయితే ఎదురుగా ఉన్న నీళ్లు మనవి అనుకుంటే సరిపోతుంది. నదిలో అలా కుదరదు. బెండు కట్టి వేసేవాడు తన కూర్చున్న చోటికి కాస్త ఎగువన విసురుతాడు. అది వాలుతో పాటు ఎదురుగా వచ్చి, దిగువకి చాలా దూరం పోయాకే వెనక్కి లాగి మళ్లీ విసురుతాడు. ఆ పొడవంతా అతను వాడుకుంటున్న నీళ్లే. చేప ఎక్కువసార్లు ఆ చివర్లోనే తగులుతుంది. అందుకని ఒడ్డు మీద ఖాళీ కనిపించినంత మాత్రాన అది ఖాళీ కాదు. బెండు వాడికి దిగువన ఆనుకుని కూర్చుంటే, అతను పొద్దుట్నుంచి తిప్పుకుంటున్న దారిని సగంలో నరికేసినట్టే. మావయ్య నన్ను కూర్చోబెట్టి, పక్కాయన బెండు ఎగువ నుంచి దిగువకి పోయేదాకా వేలితో చూపిస్తూ, "ఇది ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే మన చోటురా అల్లుడూ" అన్నాడు. బరువు కట్టి అడుక్కి దించేవాళ్ల లెక్క వేరు. వాళ్ల లైన్ ఒకే చోట ఉంటుంది కాబట్టి వాళ్ల పక్కన దగ్గరగా కూర్చోవచ్చు. రద్దీ రోజున బెండు వాళ్లు ఒక వైపు, బరువు వాళ్లు ఒక వైపు సర్దుకుంటే అదే ఒడ్డున ఇంకా చాలామంది పడతారు. మా దగ్గర అది ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేది.

మేత వేసుకున్న చోటి సంగతి ఇంకా సున్నితం. ఒక పెద్దాయన వచ్చేవాడు, పేరు ఎప్పుడూ అడగలేదు, అందరం పెద్దాయనా అనే పిలిచేవాళ్లం. తవుడూ బంకమట్టీ కలిపి, తడి చేత్తో పిసికి, ముద్దలు చేసి ఒక పక్కన పేర్చుకునేవాడు. గాలం ముట్టుకునే ముందు ఆ ముద్దల్ని ఒక్కొక్కటిగా, తను వేయబోయే చోటికి బారెడు ఎగువన పడేలా విసిరేవాడు. అడుక్కి చేరేలోపు వాలు ఎంత తోసేస్తుందో ఆయన చేతికి తెలుసు. మట్టి మెల్లిగా విడిపోతూ తవుడు వాలులో కొట్టుకుపోతుంటే, ఆ వాసన పట్టుకుని దిగువనున్న చేపలు ఎదురెక్కి వస్తాయి. దానికి చాలాసేపు పడుతుంది. ఒక్కోసారి పూట పడుతుంది. ఆ వేళకి ఇంకెవరో వచ్చి, చేపలు ఎగరడం చూసి, సరిగ్గా అక్కడే గాలం వేస్తే? పెద్దాయన ఏమీ అనేవాడు కాదు. కానీ చుట్టుపక్కలవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "అది ఆయన మేత వేసుకున్న చోటు, ఇటు వేసుకోండి" అని ఎవరో ఒకరు తప్పకుండా చెప్పేవారు. నా దృష్టిలో అది అన్నిటికన్నా గట్టి నియమం. పొద్దుటి నుంచీ మేత పోసి చేపల్ని రప్పించుకున్నవాడు లేచి వెళ్లేదాకా ఆ నీళ్లు అతనివే, అతనికి ఒక్క చేపా పడకపోయినా సరే.

గాలం పైకి తీసి ఊరికే కూర్చున్న మనిషిని చూసి కొత్తవాళ్లు పొరబడతారు. పని అయిపోయిందనుకుని ఆ చోట్లో దిగిపోతారు. నిజానికి అతను నీళ్లకి విశ్రాంతి ఇస్తున్నాడు. ఒక చేప తగిలి పెనుగులాడితే మిగతావి బెదిరి చెదిరిపోతాయి. వెంటవెంటనే గాలం వేస్తూ ఉంటే తిరిగి రావు. తెలిసినవాడు కాసేపు చేతులు కట్టుకుని కూర్చుని, అవి సర్దుకున్నాక మళ్లీ వేస్తాడు. ఆ ఖాళీ సమయం కూడా అతని వేటలో భాగమే. "అయిపోయిందాండీ, మళ్లీ వేస్తారా?" అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. వెళ్లిపోయేవాడైతే తనే చోటు చూపించి, అక్కడ లోతెంత, అడుగున మొద్దు ఎక్కడుంది, ముల్లు ఎక్కడ చిక్కుకుంటుంది అన్నీ చెప్పి మరీ వెళ్లేవాడు. మాకు తెలిసిన చాలా సంగతులు అలా చోటు వదిలి వెళ్తున్నవాళ్లు చెప్పినవే.

నడకకీ ఒక పద్ధతి ఉండేది. ఎవరి వెనక నుంచి వెళ్లినా అంచుకి దూరంగా, మెల్లిగా అడుగులేస్తూ వెళ్లాలి. చిన్నప్పుడు ఇది వట్టి భయం అనుకునేవాణ్ణి. మాటలకి లేని అభ్యంతరం అడుగులకి ఎందుకో తర్వాత చదివితే తెలిసింది. గాలిలో పుట్టిన శబ్దంలో చాలా భాగం నీటి పైపొరకి తగిలి వెనక్కే పోతుంది. అందుకే పక్కవాడితో కబుర్లు చెప్పుకున్నా చేపలకి పెద్దగా పట్టదు. ఒడ్డు మీద దబదబా నడిస్తే మాత్రం ఆ అదురు నేలలోంచి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1,480 మీటర్ల వేగంతో పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లు ఎక్కువ. చేపకి ఒంటికి రెండు వైపులా తల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖ ఉంటుంది. నీళ్లలో చిన్న కదలికని కూడా దానితో పసిగడుతుంది. ఇక చూపు సంగతి. నీళ్లలోంచి పైకి చూసే చేపకి పైలోకమంతా దాదాపు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోకి కుదించుకుని కనిపిస్తుంది. అంచుకి వెనగ్గా ఒంగి కూర్చున్నవాడు ఆ కిటికీ చివర ఎక్కడో అణిగిపోతాడు. అంచున నిటారుగా నిలబడ్డవాడు, అందులోనూ నీడ నీళ్ల మీద పడేలా నిలబడ్డవాడు, తన చేపల్నే కాదు, పక్క నలుగురి చేపల్నీ తరిమేస్తాడు. మావయ్యకి ఈ డిగ్రీలేవీ తెలియవు. "కూర్చోరా, నీ నీడ వాళ్ల బెండు మీద పడుతోంది" అనేవాడు, అంతే.

ఒకసారి మాకు ఎగువన కూర్చున్నాయనకి పెద్ద చేప తగిలింది. రీల్ ఒక్కసారిగా గిర్రున తిరగడం మొదలైంది. ఆయన లేచి నిలబడి "పెద్దది! కిందికి వస్తోంది!" అని అరిచాడు. పెద్ద చేప సాధారణంగా వాలులోనే పరుగెడుతుంది, అంటే దిగువనున్న మా అందరి లైన్ల మీదికి. ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. మావయ్య అప్పటికే తన లైన్ చుట్టేస్తున్నాడు. నా చేతిలోది లాక్కుని అదీ చుట్టేశాడు. మా దిగువనున్నవాళ్లు, వాళ్ల దిగువనున్నవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు గాలాలు పైకి తీసి, కర్రలు వెనక్కి పడుకోబెట్టి, నీళ్లు ఖాళీ చేసేశారు. ఒక కుర్రాడి బెండు అప్పుడే మునుగుతోంది, అయినా తీసేశాడు. ఆయన కర్ర పైకెత్తి పట్టుకుని, లైన్ బిగువు సడలకుండా, ఒడ్డు వెంట దిగువకి నడుస్తూ వచ్చాడు. ఒక్కొక్కరి దగ్గరికీ రాగానే ఆ మనిషి తల వంచితే లైన్ వాళ్ల తల మీదుగా దాటేది. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు. అందరికీ అదే టెన్షన్, ఆ చేప తమ లైన్‌కే ఉన్నంత టెన్షన్.

చివరికి లోతు తక్కువగా ఉన్న చోటికి వచ్చాక ఇంకో మర్యాద కనిపించింది. పెద్దాయన తన చిన్న వల తీసుకుని నీళ్లలోకి దిగాడు గానీ, చేప దగ్గరికి వెళ్లకుండా ఆగి, "వల పట్టమంటారా?" అని అడిగాడు. ఎందుకడగాలి, సాయమే కదా అనిపిస్తుంది. వల చూడగానే చేప ఆఖరి పరుగు తీస్తుంది. ఆ ఊపుకి లైన్ తెగిందంటే తప్పు వల పట్టినవాడిదవుతుంది. అందుకని ఎప్పుడు దించాలో చేప పట్టినవాడే చెప్పాలి. వలని ముందే నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకోవాలి, చేపనే వల మీదికి తీసుకురావాలి. వలతో చేప వెంట పడకూడదు. ఇంకొకరి లైన్‌ని చేత్తో పట్టుకోవడం అసలు పనికిరాదు. కర్రకి ఉన్న సాగు చేతికి ఉండదు, ఒక్క గుంజుకి తెగిపోతుంది. పెద్దాయన మోకాలి లోతులో వల ముంచి, చేప పట్టినాయన "ఊఁ" అనేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. జెల్ల అది. రెక్క దగ్గరి ముల్లు గుచ్చుకుంటే ఎంత సలుపుతుందో తెలిసిన చేతులు కాబట్టి, మెడ వెనక నుంచి జాగ్రత్తగా పట్టుకుని ఒడ్డున పెట్టాడు. అప్పటిదాకా ఎవరూ మళ్లీ గాలం వేయలేదు.

లైన్లు చిక్కుపడటం మాత్రం ఎంత జాగ్రత్తగా ఉన్నా తప్పేది కాదు. అలాంటప్పుడు మొదట జరగాల్సింది, ఇద్దరూ లాగడం ఆపేయడం. ఇద్దరూ లాగితే ముడి బిగుసుకుపోతుంది. ఒకరు రీల్ వదులు చేస్తే, రెండోవారు మెల్లిగా తమ వైపుకి చుట్టుకుని విడదీయాలి. ఎవరు ఎవరి మీద వేశారు అన్న చర్చ అక్కడ అనవసరం. మా ఒడ్డున "సారీ అండీ" అని ఇద్దరూ ఒకేసారి అనేవాళ్లు. విడదీయడం కుదరక తెంచాల్సి వస్తే, ఎవరి లైన్ తెంచాలో అడిగి, వీలైతే తమదే తెంచుకునేవాళ్లు. పక్కవాడి ముల్లూ బరువూ తిరిగి కట్టుకోవడానికి తన డబ్బాలోంచి ఇచ్చేవాళ్లనీ చూశాను. కోపం రావాల్సిన చోట స్నేహాలు మొదలయ్యాయి. మావయ్యకి చివరిదాకా తోడున్న ఇద్దరు ముగ్గురు మిత్రులు అలా చిక్కుముడి విప్పుతూ పరిచయమైనవాళ్లే.

విసిరేముందు వెనక్కి చూడటం మర్యాద కిందకి వస్తుందో, భద్రత కిందకి వస్తుందో నాకు తెలీదు, రెండూ అనుకుంటాను. కర్రని తల మీదుగా వెనక్కి తీసుకెళ్లేటప్పుడు ముల్లు ఎంత వేగంతో తిరుగుతుందో ఒకసారి చూస్తే చాలు. జనంలో పక్కకి ఊపి విసరడం మావయ్య ఎప్పుడూ చేయనివ్వలేదు. నేరుగా పైకి, నేరుగా ముందుకి, అదీ వెనక చూసుకుని.

తర్వాతి కాలంలో దూరదేశాల సంగతులు చదువుతుంటే, ఇలాంటి పద్ధతులే ఇంకో రూపంలో కనిపించి చాలా సంతోషమనిపించింది. సాల్మన్ చేపలు పట్టే నదుల్లో మడుగు వంతులు పాటిస్తారు. కొత్తగా వచ్చినవాడు అందరికన్నా ఎగువన, చివరివాడి వెనక దిగుతాడు. ఒకసారి విసిరి, లైన్ వాలులో తిరిగొచ్చాక, ఒకటి రెండు అడుగులు దిగువకి వేసి మళ్లీ విసురుతాడు. వరస మొత్తం అలా మెల్లిగా కిందికి జరుగుతూ ఉంటుంది. మంచి చోటు ప్రతివాడికీ ఒక్కసారి వస్తుంది, ఎవడికీ శాశ్వతం కాదు. కింది చివరికి చేరినవాడు ఒడ్డెక్కి, మళ్లీ పైకి నడిచి వరసలో చేరతాడు. ఎగువకి ఎదురు నడుస్తూ, నీటి మీద తేలే ఈగ ఎర వేసే చోట వరస తిరగబడుతుంది. ప్రవాహంలో చేప తల ఎగువకి పెట్టి ఉంటుంది కాబట్టి వేటగాడు దాని వెనక నుంచి వస్తాడు. అలాంటివాడికి ఎగువన పోయి దిగడం అన్యాయం. అలాస్కాలో రష్యన్ రివర్ వెళ్లి కెనై నదిలో కలిసే చోట, సాకై అనే రకం సాల్మన్ చేపలు ఎదురెక్కే రోజుల్లో మనుషులు భుజం భుజం తగిలేలా నిలబడతారు. అక్కడా చేప తగిలినవాడు గట్టిగా కేక వేస్తే పక్కవాళ్లు లైన్లు తీసి దారిస్తారు. ఆ నదుల్లో నేనెప్పుడూ దిగలేదు. కానీ ఆ కేక వింటే ఏం చేయాలో నాకు తెలుసు.

చిన్న చేపల్ని వదిలేసే పద్ధతి కూడా ఆ ఒడ్డునే నేర్చుకున్నాను. పొడి చేత్తో ముట్టుకోకూడదు. చేప ఒంటి మీద జిగురు పొర దాన్ని రోగాల నుంచి కాపాడుతుంది, పొడి చెయ్యీ పొడి ఇసుకా దాన్ని ఊడ్చేస్తాయి. చెయ్యి తడుపుకుని, మొప్పలు తగలకుండా పట్టుకుని, ముల్లు తీసి, తల వాలుకి ఎదురుగా ఉండేలా నీళ్లలో ఆనించి పట్టుకోవాలి. అది తనంతట తాను తోక ఝాడించి పోయేదాకా వదలకూడదు. విసిరేయడం పెద్దాయనకి అసలు గిట్టేది కాదు. రేపు ఇక్కడ కూర్చోబోయేవాడి చేప అది, అనేవాడు.

లేచేటప్పుడు తెగిన నైలాన్ దారం ముక్కల్ని ఏరి జేబులో పెట్టుకోవడం మావయ్య మానలేదు, ఎవరివైనా సరే. అది కుళ్లదు, పిట్టల కాళ్లకి చుట్టుకుంటే కోసుకుపోతుంది. లైన్‌కి బరువుగా కట్టే సీసపు గుండ్లు ఒడ్డున రాలిస్తే ఏమవుతుందో అప్పట్లో మాకెవరికీ తెలీదు. బ్రిటన్‌లో హంసలు తిండి అరగడానికి మింగే గులకరాళ్లతో పాటు ఈ గుండ్లనీ మింగి, విషం ఎక్కి చచ్చిపోతుంటే, 1987లో చిన్న సీసపు బరువుల్ని నిషేధించారు. ఆ తర్వాత అక్కడ హంసలు మళ్లీ పెరిగాయి. ఇది చదివిన దగ్గర్నుంచి నేను సీసం వాడటం లేదు.

ఇప్పటికీ అదే ఒడ్డుకి వెళ్తాను. జనం ఇంకా పెరిగారు. ఫోన్లో పాటలు గట్టిగా పెట్టేవాళ్లు, చీకట్లో టార్చి నేరుగా నీళ్ల మీద కొట్టేవాళ్లు, ఎవరికో చేప పడగానే పరుగెత్తుకొచ్చి అదే చోట విసిరేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ చివరిది చూస్తే మాత్రం నాకు బాధేస్తుంది. మావయ్య ఇలాంటప్పుడు ఒక్కసారి చెప్పి, వినకపోతే తన గాలం చుట్టుకుని వేరే చోటికి వెళ్లిపోయేవాడు. నేను అలా వెళ్లను. పక్కన కూర్చుని, ఆ బెండు ఎక్కడిదాకా వెళ్తుందో చూపించి, ఎందుకో చెప్తాను. చాలామందికి నిజంగానే తెలీదు, కారణం తెలిస్తే జరుగుతారు. కోపంగా చూసే ఒకరిద్దరూ ఉంటారు, ఉండనీ.

ఒక్క విషయంలో మాత్రం కుర్రాళ్లతో వాదన తెగదు. ఒకే మనిషి నాలుగు కర్రలు నాటుకుని, మధ్యలో మూడేసి బారలు వదిలి, సగం ఒడ్డుని పట్టుకోవడం. స్నేహితులు వస్తారని ఉత్త కర్రలు నాటి ఉంచడం. ముందు వచ్చినవాడి హక్కు అంటారు వాళ్లు. ముందు వచ్చినవాడికి చోటు ఎంచుకునే హక్కు ఉంది, ఒప్పుకుంటాను. కానీ మనిషి లేని కర్రకి చోటెక్కడిది? ఒంటరిగా ఉన్నప్పుడు ఎన్నయినా వేసుకోవచ్చు. పక్కన చోటు కోసం సంచి భుజాన వేసుకుని ఎవరో నిలబడి ఉంటే, అదనపు కర్ర పైకి తీసెయ్యాలి. మావయ్య దగ్గర మంచి కర్రలు రెండు ఉండేవి, రెండోది వారం మధ్యలో, ఒడ్డు ఖాళీగా ఉండే రోజుల్లో మాత్రమే బయటికి తీసేవాడు. నా దగ్గర ఇప్పుడు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. సెలవు రోజున మాత్రం ఒక్కటే తీసుకెళ్తాను.